శిబిరం తర్వాతే అసలు పని

గ్రామాల్లో మానసిక ఆరోగ్య శిబిరాలు పెంచితే చాలన్నట్టు ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. శిబిరంలో మందులు మొదలుపెట్టించడం తేలికే, కాస్త నెమ్మదించగానే రోగులు మానేస్తారు చూడండి, చిక్కంతా అక్కడే. ఇంటికెళ్లిన ఆశా కార్యకర్త ‘వేసుకుంటున్నారా?’ అంటే అందరూ ఊఁ అంటారు. స్ట్రిప్పులు తెప్పించి లెక్కపెట్టాలి. మాత్రలు మిగిలుంటే కసరకుండా కారణం అడగాలి: మత్తా, ఒళ్లు బిగుసుకుపోతోందా, ‘తగ్గిపోయిందిగా’ అనుకున్నారా?

బైపోలార్ (ఉత్సాహం, దిగులు తీవ్రంగా మారిపోయే జబ్బు) లాంటివాటికి ఇచ్చే లిథియం వాడేవాళ్ల సంగతి వేరు. ఎండాకాలం వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో మందు పెరిగిపోతుంది. వణుకు ఎక్కువై తూలుతుంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒళ్లునొప్పులకని ఐబుప్రోఫెన్ మింగినా అదే ముప్పు (మందుల షాపులో అడిగేదెవరు!).

ఇంకోటి, కేసవుతుందన్న భయంతో ఆత్మహత్యాయత్నాన్ని దాచేస్తుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వేరేలా రుజువైతే తప్ప ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, అర్ధరాత్రైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.