శిలువను చెరిపి సమాధి రాయి చేస్తే అది నష్టమేనా?

స్కాట్లాండ్ ఉత్తర భాగంలో, సముద్రతీరాన ఉన్న హిల్టన్ ఆఫ్ క్యాడ్‌బాల్ అనే పల్లెలో క్రీ.శ. 800 ప్రాంతంలో పిక్టులు (అక్కడి ప్రాచీన ప్రజలు) ఒక పెద్ద ఇసుకరాతి పలకను నిలబెట్టారు. దాని ఒక ముఖం మీద వేట దృశ్యం ఉంది: కాళ్లు రెండూ ఒకే పక్కకు వేసి గుర్రమెక్కిన స్త్రీ, ఆమె దగ్గర అద్దం, దువ్వెన, బూరలు ఊదే ఇద్దరు, లేడిని తరిమే వేటకుక్కలు, అంచున తీగల అల్లిక. రెండో ముఖం మీద శిలువ ఉండేది. 1676లో ఆ శిలువను ఉలితో తొలగించి, చదునైన రాతిమీద అలెగ్జాండర్ డఫ్ పేరునూ, అతని ముగ్గురు భార్యల ప్రస్తావననూ చెక్కారు.

దీన్ని విధ్వంసమని తేల్చేయడం సులువు. 1560 నాటి ప్రొటెస్టెంట్ మతసంస్కరణ తర్వాత అక్కడ శిలువ శిల్పాలను విగ్రహారాధన ఆనవాళ్లుగా చూసిన మాట నిజమే కానీ, ఆ ఒక్క కారణంతో డఫ్ రాయిని వివరించలేం. చేతికందిన మంచి రాతిని వాడుకోవడం ఏ కాలంలోనైనా ఉన్నదే. పైగా పునర్వినియోగాలన్నీ ఒక్క తీరువి కావు. గ్లాస్గోలోని గోవన్ పాత చర్చిలో తర్వాతి కుటుంబాలు 9–11 శతాబ్దాల సమాధి రాళ్ల పాత అల్లికను ఉండనిచ్చి, తమ పేర్లు మాత్రం చేర్చుకున్నాయి. స్కాట్లాండ్ ఉత్తరాన డింగ్‌వాల్ సమీపంలో 2019లో బయటపడిన కానన్ రాయి అనే పిక్టుల శిల్పం 1790ల్లో సమాధి రాయి కావడం వల్లే, మరో చోట గోడలో కలిసిపోకుండా శ్మశానంలో మిగిలిందని నా అభిప్రాయం.

హిల్టన్‌లో జరిగింది వీటన్నిటికన్నా కఠినమైన పని, సందేహం లేదు. అయితే శిలువను తొలగించిన మనిషి పెచ్చులను అక్కడే వదిలేశాడు. 2001 నాటి తవ్వకాల్లో వేల రాతి ముక్కలతోపాటు, పలక అడుగుభాగం కూడా నేలలో దొరికింది. వాటిని జతచేసి చూసిన తర్వాతే పోయిన శిలువ రూపం కొంత తెలిసివచ్చింది. ఆ ఆధారంతో పల్లెలో నిలబెట్టిన నకలు శిల్పం రెండో ముఖాన శిలువనే చూపుతుంది. డఫ్ శాసనం అందులో లేదు. మూల రాయి మీద 1676 నుంచి ఉన్న అక్షరాలను వదిలేసి, దాని వయసులో పావువంతుకు పైగా కాలాన్ని ఆ నకలు పక్కన పెట్టేసింది.