నా పేరు మాత్రం తియ్యకు

మన దిక్కు మాట్లాడే స్వేచ్ఛ లేదని ఎవరైనా అంటే, వాళ్లు పొద్దున్నే చాయ్ హోటల్ ముందు నిలబడలేదన్నమాట. నల్లగొండ నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఏ బస్టాండు పక్కనైనా సరే, ఆరు గంటలకల్లా సత్యం చాయ్‌తో పాటే మరుగుతుంటుంది. రాత్రి వాగులోంచి ఎన్ని ట్రాక్టర్ల ఇసుక పోయింది, అవి ఎవరివి, అవి పోయేటప్పుడు ఎవరి ఫోన్ స్విచాఫ్ అయింది, అన్నీ విప్పి చెబుతారు. కోర్టుల్లో కూడా ఇంత పక్కా సాక్ష్యం దొరకదు. గ్లాసు కింద పెట్టేటప్పుడు ఒక్కటే షరతు: "అన్నా, నా పేరు మాత్రం తియ్యకు."

చదువుకున్నవాళ్లు కొందరు దీన్ని పిరికితనం అంటారు. అది రాజ్యాంగం సరిగ్గా చదవకపోవడం వల్ల వచ్చిన అపోహ. 19వ అధికరణ మాట్లాడే హక్కు ఇచ్చిన మాట నిజమే, కానీ ఇచ్చిన హక్కును వాడి తీరాలని అందులో లేదు. విధులు కావాలంటే 51ఏ చూడాలి. మొత్తం 11 ఉన్నాయి. జెండాను గౌరవించాలి, అడవులను, చెరువులను, నదులను కాపాడాలి, శాస్త్రీయ దృక్పథం పెంచుకోవాలి, ప్రభుత్వ ఆస్తిని రక్షించాలి, పిల్లలను చదివించాలి. నోరు విప్పాలని మాత్రం ఎక్కడా రాయలేదు. ఎందుకు రాస్తారు? వాటిలో 10 విధులు 1976లో చేరాయి. అప్పుడు ఎమర్జెన్సీ నడుస్తోంది, పత్రికల మీద సెన్సార్ ఉంది. ఆ ఏడాది పౌరుడు మాట్లాడటం విధి అని ఎవరైనా ప్రతిపాదించి ఉంటే, ఆయన్ను వెతకడానికి జైలుకే పోవాల్సి వచ్చేది. కాబట్టి నదిని కాపాడటం మన విధి, ఆ సంగతి పైకి చెప్పడం కాదు. రాత్రిపూట కిటికీ సందులోంచి ట్రాక్టర్‌ను చూస్తూ, లైట్ తీసేసి మరీ మనం వాగును కాపాడుతూనే ఉన్నాం.

ఈ సూక్ష్మం తెలియక పెద్దలు కొందరు వృథాగా కష్టపడ్డారు. షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే "మనకెందుకు లొల్లి" అని ఊకోకుండా, 354 మంది కవులను పోగేసి 1934లో ఏకంగా ఒక సంచికే అచ్చేశారు. ఇక హైదరాబాద్‌లో ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు చేయి నరికి చంపారు. అంతదూరం ఎవరు పొమ్మన్నారు అని మనం అడగవచ్చు. అడగడానికి మన నోరూ చేతులూ క్షేమంగానే ఉన్నాయి.

ఆ రోజుల్లో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. సర్కారు అనుమతి లేనిదే సభ పెట్టరాదు. నిజాం పోయాడు, ఉత్తర్వు పోయింది. అయితే దాన్ని అమలు చేసే బాధ్యతను ఇప్పుడు ఇంట్లోవాళ్లు స్వచ్ఛందంగా తీసుకున్నారు. "నీకెందుకయ్యా లొల్లి? స్లాబ్ బిల్లు పడనియ్యి, తర్వాత ఏం మాట్లాడుకుంటవో మాట్లాడుకో." ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు విడతలవారీగా వస్తాయి: బేస్‌మెంట్‌కు కొంత, గోడలకు కొంత, స్లాబ్‌కు కొంత, ఇల్లు పూర్తయ్యాక మిగిలింది. సత్యాన్ని కూడా అదే వరుసలో వాయిదా వేసుకోవాలి. ఆఖరి బిల్లు పడేలోపు చిన్నోడికి రేషన్ కార్డులో పేరు ఎక్కించే పని తగులుతుంది, అది వేరే సంగతి.

యువతరం మాత్రం ధైర్యంగానే ఉంది. మొన్న ఒక పిల్లగాడు రోడ్డు మీద గుంతల గురించి వాట్సాప్‌లో నిప్పులు చెరిగే స్టేటస్ పెట్టాడు. సర్పంచ్‌కు, వార్డు మెంబర్లకు, కాంట్రాక్టర్ బావమరిదికి కనబడకుండా సెట్టింగ్ మార్చి పెట్టాడు. 24 గంటల్లో దానంతటదే పోయింది. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు, గుంతకు కూడా.

చట్టబద్ధంగా మాట్లాడాలనుకునేవాళ్లకు సోమవారం ప్రజావాణి ఉంది. అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు. అది పైనుంచి కిందికి ప్రయాణించి, ఎవరి మీద ఇచ్చామో ఆ సారు టేబుల్ మీదికే చేరుతుంది. పరిశీలించి నివేదిక ఇవ్వమని ఆయన్నే అడుగుతారు. తన గురించి తనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఇక గ్రామసభ. రెండు నెలలకోసారి జరపాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. కార్యదర్శి చదువుతాడు, మనం వింటాం, రిజిస్టర్ తిరుగుతుంది, సంతకాలవుతాయి. అంతా సాఫీగా పోతుండగా వెనకనుంచి ఒకాయన లేస్తాడు. ప్రతి ఊళ్లో ఒకాయన ఉంటాడు, కల్లు దుకాణం నుంచి నేరుగా వస్తాడు. "మోరీ పైసలు ఏడవాయె? కట్టని మోరీకి బిల్లు లేపింది ఎవలు?" అని అరుస్తాడు. ఇద్దరు లేచి మర్యాదగా భుజం పట్టి బయటకు తీసుకుపోతారు. తెల్లారి చాయ్ హోటల్‌లో ఊరంతా ఒప్పుకుంటుంది: "చెప్పింది నిజమే, గానీ తాగి చెప్పిండు."

అందుకే సర్కారుకు నాదొక మనవి. పంచాయతీకి ఒకరి చొప్పున సత్యవక్త పోస్టు మంజూరు చేయాలి. గౌరవ వేతనం చాలు, పీఎఫ్ అక్కర్లేదు. విధి నిర్వహణ కల్లు దుకాణం తెరిచాక మొదలై, మూసేలోపు ముగుస్తుంది కనుక ఆఫీసు పనివేళలకు ఆటంకం ఉండదు. సమస్యల్లా ఒక్కటే. దరఖాస్తు మీద పూర్తి పేరు, తండ్రి పేరు రాయాలంటే మాత్రం ఆయన కూడా తాగకుండా వచ్చి ఆలోచించుకుంటానంటున్నాడు.