ఈ వంతెన ఇంకెన్నాళ్లు మోస్తుంది?

మా ఊరి కాలువ వంతెన దాటాలంటే రోజూ టెన్షనే. రెయిలింగ్ సగం ఊడి కాలువలో పడింది. మిగిలినచోట సిమెంటు రాలి, తుప్పుపట్టిన ఊచలు బయటికొచ్చాయి. మొన్న చెయ్యి ఆనిస్తే పెచ్చు ఊడొచ్చింది! ఎడ్లబండ్ల కాలం నాటి దాని మీద ఇప్పుడు ధాన్యం లారీలు, రొయ్యల మేత లారీలు, స్కూలు బస్సులు. ఎంతకని మోస్తుంది?

రోడ్డు సంగతి సరేసరి. మా నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. అది తెలిసీ గట్టి పునాది లేకుండా పైపైన తారు పూస్తే నిలుస్తుందా? నెలలు నిండిన పిల్లని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ప్రతి కుదుపుకీ గుండె జారిపోతుంది.

1852 నాటికే ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. ఇన్ని యంత్రాలున్న ఈ రోజుల్లో ఒక్క కాలువ వంతెన కట్టలేరా? భారీ వాహనాలు రాకూడదని బోర్డు పెట్టి వెళ్లిపోయారు. బోర్డు లారీని ఆపుతుందా?