బార్ నిట్టనిలువు గీతలో లేవదు

వెయిట్‌లిఫ్టింగ్‌లో బరువును నేల నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్ గురించి వాట్సాప్‌లో చాలాకాలంగా తిరుగుతున్న ఒక సందేశంలో నాలుగు మాటలున్నాయి: బార్ (బరువులు తగిలించే కడ్డీ) నేల నుంచి తలపైకి నిట్టనిలువు గీతలో వెళ్ళాలి, దారిలో ఒంటికి తగిలితే ఫౌల్, కూర్చున్నప్పుడు మోకాళ్ళు కాలివేళ్ళను దాటకూడదు, బరువు లేచేది చేతుల బలంతో. కొత్తగా శిక్షణకు వచ్చే పిల్లలు వీటిని నమ్మి వస్తున్నారు కనుక ఒక్కొక్కదానికీ జవాబు చెప్పక తప్పదు.

నిలువు గీత దగ్గరి దారి కాబట్టి మొదటి మాట వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే లిఫ్టర్, బార్ కలిసి ఒకే బరువుగా పాదాల మీద నిలవాలి. బార్ బరువు పెరిగేకొద్దీ ఆ తూకం నిలబెట్టడమే అసలు పని అవుతుంది. నేల విడిచాక మోకాళ్ళు వెనక్కి జరుగుతుంటే బార్ కూడా కొద్దిగా ఒంటివైపు వస్తుంది, తుంటి దగ్గర తాకి కాస్త ముందుకు పోతుంది, లిఫ్టర్ కిందికి దూరేటప్పుడు మళ్ళీ వెనక్కి వస్తుంది. పక్కనుంచి వీడియో తీసి బార్ కొస వెళ్ళిన దారిని గీసి చూస్తే సాగదీసిన ఎస్ అక్షరంలా కనిపిస్తుంది. ఆ వంపు ఎంత ఉండాలన్నదానిపై కోచ్‌ల మధ్య వాదన ఉంది, అది ఉండదగిన వాదనే. బార్ దూరంగా గిరికీ కొట్టడం తప్పన్న మేరకు సందేశంలో నిజముంది. వంపే ఉండకూడదనడంలో లేదు.

అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేస్తున్నది రెండో మాట. 1960ల మధ్య వరకు బార్ తొడలకు తగలకూడదన్న నిబంధన నిజంగానే ఉండేది. దాన్ని తొలగించి దాదాపు అరవై ఏళ్ళయింది. బరువును ముందు భుజాల మీదికి తెచ్చుకునే క్లీన్‌లో మోచేయి తొడకో మోకాలికో తగిలితే ఇప్పటికీ ఫౌలే. బహుశా ఆ రెండూ కలగలిసి ఉంటాయి. నా దగ్గర నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ఈ సందేశం చదివి బార్‌ను తొడలకు జానెడు దూరంలో లాగడం మొదలుపెట్టింది. అంతకుముందు తేలిగ్గా ఎత్తిన 45 కిలోలకు కూడా ప్రతిసారీ ముందుకు గెంతి, బార్‌ను ముందుకే వదిలేసేది. రెండు వారాల తర్వాత ఆమె నల్ల షార్ట్స్ మీద, తుంటి మడత దగ్గర, బార్‌కు అంటిన చాక్ పొడి తెల్లగా అడ్డగీతలా కనిపించిన రోజున అదే బరువు నిలబడింది. తాకడం వేరు, తుంటితో బార్‌ను గుద్దడం వేరు. గుద్దితే బార్ ముందుకు ఎగిరిపోతుంది, దాన్ని మాత్రం మానిపించాలి.

మోకాళ్ళ సంగతికి వస్తే, 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో మోకాళ్ళు ముందుకు రాకుండా పలక అడ్డుపెట్టి స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం) చేయించారు. మోకాలిపై టార్క్, అంటే కీలును తిప్పే బలం, సుమారు 150 నుంచి 117 న్యూటన్ మీటర్లకు తగ్గింది. తుంటిపై మాత్రం 28 నుంచి 302కు పెరిగింది. నడుము ముందుకు వంగిపోవడమే అందుకు కారణం. స్నాచ్‌లో తలపై బార్‌తో పూర్తిగా కిందికి కూర్చున్నవాడు అలా వంగితే బరువు చేతుల్లోంచి ముందుకు జారుతుంది. లిఫ్టింగ్ బూట్లకు మడమ ఎత్తు పెట్టేదే మోకాళ్ళు ముందుకు వెళ్ళి వీపు నిటారుగా ఉండడానికి. ఇప్పటికే మోకాలి నొప్పి ఉన్నవారి సంగతి వేరు, వారు డాక్టరును అడగాలి.

ఇక చేతుల బలం. కాళ్ళు, తుంటి పూర్తిగా చాచుకునే వరకు చేతులు తాళ్ళలా సాగి ఉండాలి. మోచేతులు ముందే వంగితే కాళ్ళ శక్తి అక్కడే ఆగిపోతుంది. ఆరితేరిన లిఫ్టర్ల స్నాచ్‌లో బార్ ఛాతీ దిగువ ఎత్తు వరకే లేస్తుంది, మిగతా దూరం మనిషే కిందికి దిగి పూరిస్తాడు. చేతులు అప్పుడు ఒంటిని బార్ కిందికి లాక్కోవడానికి పనికొస్తాయి. మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో ఎత్తిన 110 కిలోలు చేతుల బలంతో లేచే బరువు కాదు. చేతులు, భుజాల బలాన్ని నేరుగా పరీక్షించే ప్రెస్ అనే అంశాన్ని 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత పోటీల నుంచి తీసేశారు. ఈనాటి నిబంధనల ప్రకారం, బార్‌ను వంగిన మోచేతులతో అందుకుని ఆ తర్వాత బలంతో చాపితే అది ప్రెస్ అవుట్. రిఫరీలు ఎర్ర దీపం వెలిగిస్తారు, అంటే ఆ లిఫ్ట్ చెల్లదు.