నల్గొండకు క్రైస్తవం తెచ్చింది బ్రిటిష్ వాళ్ళు కాదు

డిసెంబర్ వచ్చిందంటే చాలు, దేవరకొండ నుంచి నాగర్‌కర్నూల్ దాకా మా వైపు వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. పైన ఎర్ర అక్షరాలతో "దాచిపెట్టిన చరిత్ర", కింద "పది మందికి పంపండి". మధ్యలో ఉన్న సరుకు ఇది: క్రైస్తవం యూరప్‌లో పుట్టిన తెల్లవాళ్ళ మతం. కత్తి పట్టుకునే ఖండాలన్నీ చుట్టింది. మన దేశానికి బ్రిటిష్ వాళ్ళు తెచ్చారు. నల్గొండ, పాలమూరు పల్లెల్లో గంజికీ పాలపొడికీ ఆశపడి మారారు. తెల్లవాళ్ళు పోయాక అది విదేశీ డబ్బు మీదా, మారితే దక్కే లాభాల మీదా బతుకుతోంది.

నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాదు. చరిత్ర పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. పంపుతున్న వాళ్ళలో నా దగ్గర చదువుకున్న పిల్లలే ఉన్నారు కాబట్టి ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు.

"యూరప్‌లో పుట్టింది" అన్న మాటకు అట్లాస్ తెరిస్తే చాలు. యేసు పుట్టి పెరిగిన నేల పశ్చిమాసియాలో ఉంది. అప్పట్లో అది రోమన్ల కింద నలుగుతున్న ప్రాంతం, ఆయనకు శిలువ శిక్ష వేసిందీ రోమన్ అధికారే. శిష్యులకు క్రైస్తవులనే పేరు మొదట పడింది అంతియొకయలో అని బైబిలే చెబుతుంది. ఆ ఊరు ఇప్పటి టర్కీలో ఉంది. రాజ్యం మొత్తంగా ఈ మతంలోకి వచ్చిన మొదటి దేశమని చరిత్రకారులు చెప్పేది ఆర్మేనియాను, నాలుగో శతాబ్దం మొదట్లో. అదే శతాబ్దంలో ఆఫ్రికాలో, ఇప్పటి ఇథియోపియా వైపు, అక్సుమ్ రాజు ఎజానా మతం మారాడు. అతని నాణేలు ఇప్పటికీ ఉన్నాయి. మొదట్లో వేసిన వాటి మీద రాజు తల పైన నెలవంక, గుండ్రటి బిళ్ళ ఉంటాయి. తర్వాత వేసిన వాటి మీద శిలువ ఉంటుంది. రాజు మనసు మారిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ రాజు కొలువులో క్రైస్తవం నాటిన ఫ్రుమెంటియస్ లెబనాన్ తీరంలోని తూరు పట్టణం వాడు. సైన్యంతో వచ్చినవాడు కాదు, ఓడ మీద దాడి జరిగితే కుర్రతనంలో బందీగా చిక్కినవాడని పాత రాతలు చెబుతాయి.

ఇక ఇంగ్లండ్ సంగతి. అక్కడి ఆంగ్లో-సాక్సన్ రాజులకు బోధించమని రోమ్ నుంచి పోప్ పంపిన అగస్టీన్ కెంట్ తీరంలో దిగింది 597లో. అప్పటికే మలబారు తీరంలో క్రైస్తవులున్నారని ఆరో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా వర్తకుడు కాస్మస్ రాసిపెట్టాడు. చైనాలో షియాన్ నగరంలో 781లో నిలబెట్టిన రాతిపలక ఉంది. అలోపెన్ అనే బోధకుడు 635లో టాంగ్ చక్రవర్తి దగ్గరికి వచ్చాడని దాని మీద చైనీస్‌లో చెక్కారు, పక్కన పశ్చిమాసియా క్రైస్తవులు వాడిన సిరియాక్ అక్షరాలు కూడా ఉన్నాయి. మన కేరళలో కొల్లం చర్చికి స్థానిక పాలకుడు హక్కులిచ్చిన రాగిశాసనం 849 నాటిది. యూరప్‌లో లిథువేనియా అధికారికంగా క్రైస్తవ దేశమైంది 1387లో. కొల్లం శాసనానికి అప్పటికి ఐదు వందల ఏళ్ళు దాటాయి.

ఇక్కడే రెండో పక్షం వాళ్ళకూ ఒక మాట. "అపొస్తలుడైన తోమా 52లో కేరళలో దిగాడు, ఇది చరిత్ర" అని బదులు పంపుతున్నారు. అది అక్కడి క్రైస్తవులు తరతరాలుగా నమ్ముతూ వచ్చిన సంప్రదాయం. కొట్టిపారేయలేం, అలాగని రాగిశాసనంతో సమానంగా పెట్టలేం.

కత్తి మాటలో సగం నిజముంది, దాచడం ఎందుకు? యూరప్‌లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ జర్మన్ తెగ సాక్సన్ల మీద ఏళ్ళ తరబడి యుద్ధం చేసి, బాప్తిస్మం వద్దన్నవాడికి మరణశిక్ష అని చట్టమే పెట్టాడు. 782లో వెర్డెన్ దగ్గర ఒకే రోజు 4,500 మందిని చంపించాడని అతని ఆస్థాన చరిత్రే రాసుకుంది. మెక్సికో, పెరూలలో స్పెయిన్ సైనికులు ముందు నడిస్తే ఫాదర్లు వెనక నడిచారు. గోవాలో 1560లో మొదలైన ఇంక్విజిషన్ అనే చర్చి విచారణ కోర్టు మధ్యలో కొన్నేళ్ళు ఆగినా 1812 దాకా సాగింది. మతం మారాక కూడా ఇంట్లో పాత ఆచారాలు పాటించారన్న అనుమానంతో జనాన్ని పట్టుకెళ్ళి విచారించేవాళ్ళు. "ఎక్కడా బలవంతం లేదు, అంతా ప్రేమే" అని రాసే పాస్టర్లు ఈ ముక్కలు చదవాలి. స్పెయిన్ వాళ్ళ క్రూరత్వం ఇంత వివరంగా మనకు తెలియడానికి బార్తొలోమే దె లాస్ కాసాస్ అనే ఫాదర్ రాతలు కూడా ఒక కారణం. ఆ సంగతి ఫార్వర్డ్ వాళ్ళూ చెప్పరు, పాస్టర్లూ చెప్పరు.

మిగతా సగం మాత్రం ఫార్వర్డ్‌కు అడ్డం తిరుగుతుంది. కొరియాలో క్యాథలిక్ సంఘం మొదలైంది విదేశీ ఫాదర్ లేకుండానే. చైనా నుంచి వచ్చిన పుస్తకాలు చదువుకుని పండితులు చర్చించుకున్నారు. వాళ్ళలో యీ సుంగ్-హున్ బీజింగ్ వెళ్ళి 1784లో బాప్తిస్మం తీసుకుని వచ్చి తోటివాళ్ళకిచ్చాడు. ఫాదర్ వచ్చింది మరో పదేళ్ళకు, ఆయనా చైనీయుడే. కత్తి దూసింది కొరియా ప్రభుత్వమే, అదీ క్రైస్తవుల మీద. జపాన్‌లో 1614 నుంచి మతం నిషేధం. అయినా నాగసాకి చుట్టుపక్కల పల్లెల వాళ్ళు రెండొందల ఏళ్ళకు పైగా లోలోపల ప్రార్థనలు చేసుకుంటూ 1865లో బయటపడ్డారు. కత్తితోనే వచ్చిన మతమైతే కత్తి ఎదురు తిరిగిన చోట పోవాలి కదా?

"మన దేశానికి బ్రిటిష్ వాళ్ళు తెచ్చారు" అన్నది మావాళ్ళు గట్టిగా నమ్మే మాట. ఈస్టిండియా కంపెనీకి కావలసింది వ్యాపారం. మిషనరీలు జనాన్ని రెచ్చగొడితే లాభాలకు గండి పడుతుందని దానికి టెన్షన్. అందుకే 1813 దాకా తన ఇలాకాలో మిషనరీలకు తలుపు తెరవలేదు. 1793లో వచ్చిన విలియం కేరీ చివరికి డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉన్న శ్రీరాంపూర్‌లో తలదాచుకుని పని చేసుకున్నాడు. 1812లో కలకత్తాలో దిగిన అమెరికన్ మిషనరీలను వెళ్ళిపొమ్మంది. అదే కంపెనీ పూరీ జగన్నాథుడి యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసుకుంది. 1858లో విక్టోరియా రాణి ప్రకటన కూడా ప్రజల మత విషయాల్లో జోక్యం చేసుకోవద్దని అధికారులకు ఆదేశించింది. కలెక్టర్లలో భక్తులు ఉండొచ్చు, చందాలు ఇచ్చి ఉండొచ్చు. సర్కారు పథకం మాత్రం కాదు.

అసలు మన నల్గొండ, మహబూబ్‌నగర్ బ్రిటిష్ ఇండియాలోనే లేవు. ఇది నిజాం రాజ్యం. హైదరాబాద్‌లో రెసిడెంటు అనే బ్రిటిష్ ప్రతినిధి, సికింద్రాబాద్‌లో తెల్ల సైన్యం ఉన్న మాట నిజమే, ఆ నీడ మిషనరీలకు కొంత ధైర్యమిచ్చిన మాటా కాదనలేం. కానీ నల్గొండకు వచ్చిందెవరో చూడండి. అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా. 1889లో మన దేశానికి వచ్చారు. ఇంగ్లీషు వాళ్ళు కాదు. జర్మన్ మాట్లాడే రష్యా పౌరులు, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతపు రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు, మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం వాళ్ళు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పని చేశారు. మెన్నోనైట్లంటే ఆయుధం పట్టకూడదని నియమం పెట్టుకున్నవాళ్ళు. పదహారో శతాబ్దంలో వాళ్ళ మూలపురుషుల్ని తోటి క్రైస్తవ ప్రభుత్వాలే వేటాడాయి. పెద్దయ్యాక బాప్తిస్మమివ్వడం నేరమని 1527లో ఫెలిక్స్ మాంజ్‌ను జ్యూరిక్‌లో నదిలో ముంచి చంపారు. రష్యాలో చోటిచ్చిన జార్ చక్రవర్తులు కూడా అక్కడి ఆర్థడాక్స్ చర్చి వాళ్ళకు బోధించొద్దని కట్టడి పెట్టారు. అలాంటివాళ్ళను కత్తి పట్టుకొచ్చిన తెల్లదొరల లెక్కలో కట్టేశారు మన ఫార్వర్డ్ పండితులు! పాలమూరులో మొదట పనిచేసింది అమెరికన్ బాప్టిస్టులు. నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తిల్లో అమెరికా మెన్నోనైట్లు పని చేశారు. 1930ల చివర్లో మహబూబ్‌నగర్ మిషన్ కేంద్రం కూడా వాళ్ళ చేతికొచ్చింది. జడ్చర్ల ఆస్పత్రి కూడా వాళ్ళు పెట్టిందే.

మిషనరీ దొరలు బంగళా కట్టుకుంటే ఊళ్ళు మారిపోవు. ఊరూరా తిరిగింది తెలుగు బోధకులు. దీనికి మొదటి ఉదాహరణ మన పొరుగున ఒంగోలు వైపు ఉంది. యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ పెద్ద. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ కోసం తిరిగే దారుల్లో ప్రతి ఊళ్ళోనూ ఆయనకు చుట్టాలే. మాట ఆ చుట్టరికం వెంటే పాకింది. తెలంగాణలోనూ మాదిగవాడల్లో, మాలవాడల్లో జరిగింది ఎక్కువగా ఇదే. ఒకరు మారితే బామ్మర్ది, బామ్మర్ది మారితే వాళ్ళ వియ్యంకుడు. వెట్టి చాకిరీ చేస్తూ, ఊరి బావి దగ్గరికి రానివ్వని చోట బతుకుతున్నవాళ్ళు బడి కావాలనుకున్నారు, పేరు పెట్టి పిలిచే మనిషి కావాలనుకున్నారు. దీన్ని ఆశ అనాలంటే అనండి, కానీ గంజి అనకండి.

గంజి ముచ్చటే తీసుకుందాం. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని అడిగితే ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ఆగాక జనం మళ్ళీ వచ్చారు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువులో ఆదుకున్నాడన్న గురి పని చేసి ఉంటుంది, తప్పకుండా. గురి వేరు, గింజల బేరం వేరు.

"తెల్లవాళ్ళు పోయారు" అన్నదానికి ఆఫ్రికా వైపు చూడాలి. 1900లో ఆ ఖండంలో క్రైస్తవులు సుమారు కోటి మంది. 2020 లెక్కల్లో ప్రపంచ క్రైస్తవుల్లో దాదాపు 31 శాతం సహారా దిగువ ఆఫ్రికాలో, 22 శాతం యూరప్‌లో ఉన్నారు. పెరుగుదలలో ఎక్కువ భాగం వలసపాలకులు మూటాముల్లె సర్దుకున్నాకే. పాలకులున్నప్పుడు కూడా వాళ్ళకు ఇష్టమై జరగలేదు. బెల్జియన్ కాంగోలో సైమన్ కింబాంగు అనే నల్లజాతి బోధకుడు 1921లో కొన్ని నెలలు బోధించేసరికి జనం తండోపతండాలుగా వెళ్ళారు. క్రైస్తవ బెల్జియం ఆయనకు మరణశిక్ష వేసి, తర్వాత యావజ్జీవం చేసింది. ముప్ఫై ఏళ్ళు జైల్లో ఉండి 1951లో అక్కడే చనిపోయాడు. ఆయన పేరున్న చర్చి మాత్రం ఇప్పుడు లక్షల మందిది.

విదేశీ డబ్బు తీసుకునే సంస్థలు ఉన్నాయి, విదేశీ విరాళాలను అదుపు చేసే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టమూ ఉంది. తప్పు చేసినవాణ్ణి పట్టుకోండి. కానీ మా వైపు పల్లె చర్చిలో కోత పండుగకు ఒకసారి వెళ్ళి చూడండి. చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చుంటారు. ఆడవాళ్ళు నెత్తిన కొంగు కప్పుకుంటారు. పండిన దాంట్లో మొదటిది తెస్తారు: వడ్ల బస్తా, సొరకాయ, కాళ్ళు కట్టేసిన నాటుకోడి. పాట అయ్యాక వేలం. ఆ సొరకాయను నూరు రూపాయలకు పాడుకునేవాడు కూలికెళ్ళే మనిషే. రేకుల కప్పుకు, మైకు సెట్టుకు డబ్బు అక్కడి నుంచే.

ఇక లాభాల సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మతం మారిన మాల, మాదిగ కుటుంబాలు మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ అనే గ్రూపులోకి వస్తాయి. అక్కడ రిజర్వేషన్ ఒక్క శాతం.