ఐదొందల సబ్బు

కొట్లో సబ్బు కొనుక్కునేవాళ్లని చూస్తే నాకీమధ్య జాలేస్తోంది. నలభయ్యో యాభయ్యో ఇచ్చి, రేపర్ చించి, ఒళ్లు రుద్దుకుని ఆఫీసుకెళ్లిపోతారు. అందులో వాళ్ల శ్రమేముంది, త్యాగమేముంది? నేనలా కాదు. పోయిన జూన్ నుంచి మా ఇంటి సబ్బు నేనే చేస్తున్నాను. మొదటి విడతకి కొబ్బరినూనె, కాస్టిక్ సోడా, గ్రాముల్లో తూచే కాటా, సిలికాన్ అచ్చు, గ్లౌజులు, కళ్లకి పెట్టుకునే గాగుల్స్, వాసనకి లావెండర్ నూనె (చిన్న సీసా, ఆ ధరకి నగల కొట్లో అమ్మాల్సిన సరుకు) అన్నీ కలిపి మూడు వేలైంది, ఆరు సబ్బులొచ్చాయి. ఒక్కోటి ఐదొందలు. కాటా, అచ్చు మళ్లీ మళ్లీ కొనక్కర్లేదు కదండీ, లెక్క అలా వెయ్యకూడదు అని మా ఆవిడ ఓదార్చింది. ఓదారుస్తూనే మూలనున్న వ్యాయామం సైకిలు వైపు చూసింది. దాని మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి.

ఎందుకింత కష్టం అని ఎవరైనా అడిగితే నా జవాబు ఒకటే: కెమికల్స్ లేని సబ్బు కోసం. ఈ మాట చెప్పేటప్పుడు సాధారణంగా నా చేతిలో సోడియం హైడ్రాక్సైడ్, అంటే ఆ కాస్టిక్ సోడా డబ్బా ఉంటుంది. బాత్రూం పైపు పూడుకుపోతే పోసే పొడుల్లో ఉండే సరుకే ఇదీ. హార్డ్‌వేర్ కొట్టతను "డ్రైనేజీ జామైందా సార్?" అనడిగాడు. "కాదు, మా పాప స్నానానికి" అన్నాను. ఆ తర్వాత అతను నాతో మాట్లాడలేదు, చిల్లర మాత్రం చేతికి తగలకుండా బల్ల మీద పెట్టాడు.

నిజానికి భయపడాల్సిందేం లేదు. సరిగ్గా తూస్తే ఆ సోడా అంతా నూనెతో కలిసి ఖర్చయిపోయి, సబ్బూ గ్లిజరినూ మిగులుతాయి. ఫ్యాక్టరీ సబ్బుల్లోనూ పాత రకాలు చాలావరకు ఇదే సోడా పుణ్యాన పుట్టినవే. ఈ ముక్క మాత్రం నేను అతిథులకి చెప్పను, చెబితే ఇక ఐదొందలకి అర్థమేముంటుంది.

చిక్కంతా ఆ తూకం దగ్గరే. 500 గ్రాముల కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 91 గ్రాముల సోడా పడుతుంది, ఒళ్లు మండకుండా కాస్త నూనె మిగలాలి కాబట్టి 87 దగ్గర ఆపాలి, నూనె మారితే లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మకి ఇదంతా చూసి నవ్వాగలేదు. యాభై ఏళ్లుగా ఆవకాయ కంటిచూపుతో కలిపిన మనిషి. "నాలుగు గ్రాములు ఎక్కువైతే ఏమవుతుందిరా?" అంది. ఒళ్లు మండుతుందమ్మా అన్నాను. "మరి అలాంటిది ఎందుకురా చెయ్యడం" అంది. పెద్దవాళ్లకి సైన్సు చెప్పడం కష్టం.

నా అర్హతల గురించి కూడా రెండు ముక్కలు చెప్పుకోవాలి. మైసూరు సంస్థానంలో కృష్ణరాజ వడయార్, విశ్వేశ్వరయ్య కూడబలుక్కుని బెంగళూరులో సబ్బుల ఫ్యాక్టరీ పెట్టించారు, మొదటి ప్రపంచ యుద్ధం వల్ల గంధపు చెక్క ఎగుమతి కాక గుట్టలుగా పడి ఉంటే దాన్నుంచి నూనె తీసి వాడుకుందామని. సబ్బు తయారీ నేర్చుకు రమ్మని ఒకాయన్ని ఏకంగా ఇంగ్లండ్ పంపించారు. నేను ఇరవై నిమిషాల వీడియో చూశాను, అదీ స్పీడు పెంచి.

స్పీడు పెంచడం వల్ల ఒకటి రెండు విషయాలు దాటిపోయిన మాట నిజమే. నీళ్లలో సోడా వెయ్యాలి గానీ సోడాలో నీళ్లు పొయ్యకూడదన్నది నాకు వినబడింది. పొయ్యి లేకుండానే ఆ నీళ్లు సలసలా కాగినంత వేడెక్కుతాయనీ, పొగకి దగ్గొస్తుందనీ, అందుకే బాల్కనీలో చెయ్యాలనీ కూడా వినబడింది. అల్యూమినియం పాత్ర పనికిరాదన్నది వినబడలేదు. మా ఇంట్లో దాన్ని సిల్వర్ గిన్నె అంటారు, పాతికేళ్లు పాలు కాచిన గిన్నె, అందులో సోడా నీళ్లు పోసీ పొయ్యగానే బుసబుసా పొంగి నల్లబడిపోయింది. సోడా అల్యూమినియాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుందట, ఆ వాయువు అంటుకుంటుంది కూడా. గాగుల్స్ పెట్టుకుని, పొగలొచ్చే గిన్నెతో బాల్కనీలో నిలబడ్డ నన్ను ఎదురు ఫ్లాటాయన చూశాడు. ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్ గ్రూపులో భద్రత గురించి ఒక మెసేజ్ వచ్చింది, పేరు పెట్టలేదు, ఆ మర్యాద నాకు నచ్చింది.

రెండో విడతలో పసుపు వేశాను, ఆయుర్వేదం కదా అని. బంగారు రంగు సబ్బు వస్తుందనుకున్నాను. సోడా తగలగానే పసుపంతా ఎర్రగా తిరిగింది. నేను అచ్చు ముందు కూలబడి ఏ తప్పు జరిగిందా అని ఫోన్లో వెతుకుతుంటే అమ్మ వెనకనుంచి చూసి "ఇందులో ఏముందిరా, పసుపూ సున్నం కలిపితే ఎర్రనీళ్లు కావూ? నీకు చిన్నప్పుడు దిష్టి తీసినవి అవే" అని లోపలికెళ్లిపోయింది. ఇంటర్లో కెమిస్ట్రీ ట్యూషన్‌కి ఫీజు కట్టింది కూడా ఈవిడే.

ఇంత చేసినా సబ్బు వెంటనే వాడకూడదు. గాలి తగిలే చోట నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాలి, నీరు ఇంకిపోయి గట్టిపడాలి. మా ఇంట్లో గాలి తగిలే చోటు ఒక్కటే, ఆవకాయ జాడీ పక్కన అలమర. ఆ నెల ఆవకాయలో లావెండర్ వాసన వచ్చింది. సబ్బులో ఏ వాసన వచ్చిందో చెప్పక్కర్లేదు.

నాకున్న బాధల్లా నకిలీలతోనే. మాదాపూర్‌లో ఆదివారాలు సబ్బుల వర్క్‌షాపులు జరుగుతుంటాయి, అక్కడ రెడీమేడ్ సోప్ బేస్ ముక్కలు కోసి, కరిగించి, రంగు కలిపి, గులాబీ రేకు పెట్టి అచ్చులో పోస్తారు. గంటలో సబ్బు, చెయ్యి కాలేది లేదు, గిన్నె పోయేది లేదు. పక్కింటివాళ్లు పంపిన కూర వేడిచేసి నేనే వండానన్నట్టు ఉండదూ? వాళ్ల సబ్బు నాదానికంటే అందంగా ఉంటుందన్నది వేరే సంగతి.

పండగలొస్తే ఈ చేతిపని జబ్బు ఊరంతా పాకుతుంది. దీపావళికి ప్రమిదలకి రంగులేసే క్లాసు ఒకటి ఉంది, మా పాపని తీసుకెళ్లాను. అక్కడ అద్దాలూ ముత్యాలూ అతికించిన ప్రమిదల్ని ఇంటికి తెచ్చాక అమ్మ అలవాటు ప్రకారం రాత్రంతా నీళ్లలో నానబెట్టింది, నూనె ఎక్కువ పీల్చవని. పొద్దున బకెట్లో ముత్యాలు ఒకవైపు, ప్రమిదలు ఒకవైపు. వినాయక చవితికి మట్టి గణపతి వర్క్‌షాపు, దానికీ ఫీజు. ఏ పూజకైనా పసుపు ముద్ద నలిపి తమలపాకు మీద పెట్టి గణపతిని చేసేది మా అమ్మ, పట్టుమని అరనిమిషం, ఇన్నేళ్లలో ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. బిజినెస్ తెలియని తరం. సంక్రాంతికి భోగి పిడకల దండ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, ఫొటోలో ఎంత బాగుందో, కింద రివ్యూలు కూడా ఉన్నాయి. మా తాతగారి గొడ్లకి రేటింగ్ అనే అవకాశమే లేకపోయింది.

మన పూర్వీకులకి సబ్బు తెలియకపోవడం ఒక వెలితి అని వాదించేవాడిని. పెసలు, బావంచాలు, కచ్చూరాలు పట్టించిన సున్నిపిండి వాడేవాళ్లు. తలకి కుంకుడుకాయ రసం. నురగ వచ్చే సాపోనిన్‌ని చెట్టే తయారుచేసి కాయలో పెట్టి ఇస్తుంది, తూకం లేదు, ఆరు వారాలు ఆగడం లేదు, పైపు శుభ్రం చేసే పొడి అసలే లేదు. వాళ్ల దగ్గర లేనిదల్లా గాగుల్స్. అవే ఉండి ఉంటే కళ్లలో పులుసు పడ్డప్పుడల్లా నోట్లో ఉప్పుకల్లు వేసుకుని కేకలు పెట్టే నా బాల్యం వేరేగా ఉండేది.

సరే, నా సబ్బుల సంగతి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి వాయనంలో శనగలు, జాకెట్ గుడ్డ, పళ్లతో పాటు ఒక్కో సబ్బు పెట్టించాను, మొత్తం పన్నెండు. ఖాకీ అట్ట చుట్టి, జనపతాడు కట్టి, మీద "ప్రేమతో, ఇంట్లో చేసినది" అని స్టిక్కరు. అందుకున్న ఒకావిడ "మా ఇంట్లో అందరూ రోజూ స్నానం చేస్తారమ్మా" అందట మా ఆవిడతో, నవ్వకుండా. తర్వాత ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు.

మొన్న సంక్రాంతికి ఒకరింట బొమ్మల కొలువు పేరంటానికి వెళ్లొచ్చిన మా ఆవిడ సంచిలోంచి జాకెట్ గుడ్డతో పాటు ఖాకీ అట్ట పెట్టె ఒకటి తీసింది. వాళ్లు మా వ్రతానికి రానేలేదు. మీద ఎవరిదో కొత్త స్టిక్కరు, గోటితో గీకితే దాని కింద ఇంకొకటి, దాని కింద నాది. ఎన్ని గడపలు తొక్కిందో గానీ ఐదు నెలలు ఆరింది. కనుమ నాడు దాంతో స్నానం చేశాను. రాయిలా గట్టిగా ఉంది, నురగ మెత్తగా వచ్చింది, ఒళ్లు మండలేదు, ఆవకాయ వాసన కూడా పోయింది. నేను చేసినవాటిలో ఇంత మంచి సబ్బు ఇంకోటి లేదు.

మిగతా పదకొండూ ఎక్కడో తిరుగుతూ ఉండి ఉంటాయి. మీ బీరువాలో జాకెట్ గుడ్డల కింద జనపతాడు కట్టిన పెట్టె కనబడితే దయచేసి విప్పకండి. ఉగాదికి ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. ఇంకొంచెం ఆరాలి.