చాడీలు చెప్పే సెన్సార్లను ఏం చేద్దాం?

లారీ అంటే డీజిల్ పోస్తే నడవాలి, బ్రేకు తొక్కితే ఆగాలి. మధ్యలో నోరెత్తకూడదు. దేశంలో సరుకు రవాణా దశాబ్దాల తరబడి ఈ మర్యాద మీదే సాగింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చి ఆ మర్యాదలో మిగిలిన కాస్తనూ మంటగలిపింది. ఇప్పుడు ఇంజిన్ ఎంత వేడెక్కిందో ఒక సెన్సార్ చెబుతుంది. టర్బో ఇంజిన్‌లోకి ఎంత గాలి తోస్తోందో ఇంకొకటి, ఇంజెక్టర్లకు డీజిల్ పంచే 'రైలు' అనే గొట్టంలో ప్రెజర్ ఎంతుందో మరొకటి. సైలెన్సర్ దగ్గర నాక్స్‌ను, అంటే పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను, పసిగట్టే నాక్స్ సెన్సార్లని ఇద్దరు గూఢచారులు: పొగ శుద్ధి కాకముందు ఒకడు, అయ్యాక ఒకడు. వీళ్లందరి చాడీలూ విని ఈసీఎం అనే కంప్యూటర్ పెట్టె డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగిస్తుంది. ఇక ఓనరుకు టెన్షన్, డ్రైవరుకు తిట్లు.

ఈ చాడీకోరుల పీడను మన మెకానిక్ షెడ్లు ఎంత నేర్పుగా వదిలిస్తున్నాయో ఎవరూ గుర్తించకపోవడం నన్ను కలచివేస్తోంది. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని హైవే పక్కన రేకుల షెడ్డు దాకా ఈ విద్య వర్ధిల్లుతున్నా, ఒక్క సన్మానమైనా జరిగిందా?

ముందు రోగ నిర్ధారణ సంగతి చూద్దాం. చీమకుర్తిలో గ్రానైట్ బండ ఎక్కించుకున్న లారీకి ఎత్తు రాగానే పికప్ పడిపోతోందనుకోండి. ఈసీఎం మనసు చదివే స్కానర్ పెడితే బూస్ట్ ప్రెజర్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, తక్కువగా ఉందని కోడ్ వచ్చింది. పని లేనివాళ్లయితే, గాలి ఎక్కడ పోతోందని వెతుకుతారు. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు పైపును కింది వైపు చేత్తో తడుముతారు. క్లిప్పు పక్కన వేలికి ఆయిల్ జిడ్డు తగులుతుంది. గుడ్డతో తుడిస్తే సన్నటి చీలిక. ఖాళీ బండిలో నోరు మూసుకుని ఉండే ఆ చీలిక, లోడు పడి టర్బో గట్టిగా ఊదగానే తెరుచుకుంటుంది.

ఇలా వెతుక్కుంటూ పోతే షెడ్డు నడిచేదెలా? కోడ్‌లో ప్రెజర్ అనే మాట ఉంది కాబట్టి ముందు ప్రెజర్ సెన్సార్ మార్చాలి. ఫిర్యాదు చేసినవాడినే లోపలేయడం మనకు కొత్తేమీ కాదు. కొత్త సెన్సార్ కూడా పాతదాని పాటే పాడితే, రెండూ కుమ్మక్కయ్యాయని అర్థం. అప్పుడు టర్బో దించాలి. టర్బో బాగుంటే డీజిల్ పంపు విప్పాలి. పంపూ బాగుంటే ఆకాశం వైపు చూసి, "వైరింగ్ మొత్తం పోయిందన్నా" అనాలి. ఈ యజ్ఞంలో ఎక్కడో ఒక చోట, టర్బో తిరిగి ఎక్కించే కుర్రాడు ఆ చిరిగిన పైపు చూసి చిరాకుపడి కొత్తది వేస్తాడు. బండి బాగవుతుంది. దేనివల్ల బాగైందో ఎవరికీ తెలియదు గనక బిల్లులో అన్నీ ఉంటాయి.

కొందరు ముసలి ఎలక్ట్రీషియన్లు మాత్రం ఈ పద్ధతికి అడ్డం పడుతున్నారు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, బూస్ట్ సెన్సార్ ఏమంటోందో స్కానర్‌లో చూస్తారు. ఇంజిన్ తిరగడం లేదు కాబట్టి అది బయటి గాలి ఒత్తిడే చూపించాలి. కాకినాడలో అయితే 101 కిలోపాస్కల్ దగ్గర, హైదరాబాద్‌లో ఎత్తు వల్ల 95 దగ్గర. లెక్క సరిపోతే సెన్సార్ చాలావరకు నిర్దోషి. దీనికి పైసా ఖర్చు లేదు, పావుగంట కూడా పట్టదు. అందుకే ఓనర్లకు దీని మీద నమ్మకం కుదరదు.

రెంటచింతల ఎండలో ఈ ముసలాళ్లు చేసే ద్రోహం ఇంకో రకం. కూలెంట్ సెన్సార్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. వైరు తెగినా, వైర్లను కలిపే కప్లర్ ఊడినా రెసిస్టెన్స్‌కు అంతుండదు గనక, దాన్ని కంప్యూటర్ ఘోరమైన చలిగా లెక్కేసుకుంటుంది. స్కానర్‌లో మామూలుగా కనిపించేది మైనస్ 40. మే నెల మిట్టమధ్యాహ్నం, బానెట్ మీద చెయ్యి పెట్టలేని చోట, ఇంజిన్ సైబీరియాలో ఉన్నట్టు చెబుతుంది. ముసలాయన కప్లర్ పీకి, పిన్ను మీద పట్టిన పచ్చటి చిలుము చూపించి, గీకి, బిగించేసి వెళ్లిపోతాడు. చిలుము గీకినందుకు ఎవరైనా ఏమిస్తారు? టీ డబ్బులు. అదే "ఈసీఎం పోయింది" అని ఉంటే కూతురి పెళ్లి గట్టెక్కేది.

ఇక యూరియా. లారీ వాళ్ల భాషలో యూరియా అంటే డీఈఎఫ్, పొగ మీద చల్లే ద్రవం. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. పొగలోని నాక్స్‌ను విరగ్గొట్టేది అదే. ఇంత చిన్న విషయానికి కంపెనీ బకెట్ కొనడమెందుకని మన మేధావులు బస్తా యూరియాను బోరు నీళ్లలో కలిపి పోశారు. రైతుల యూరియాకంతా ప్రభుత్వం 2015లో వేపనూనె పూత తప్పనిసరి చేసింది, అది ఇలా పక్కదారి పట్టకూడదనే. పూతతో సహా పోస్తే సరిపోయె! ఒంటికి వేప మంచిదని అమ్మమ్మలు చెప్పలేదా? కొన్నాళ్లకు యూరియా చల్లే ఇంజెక్టర్ మూతి దగ్గర తెల్లటి గడ్డలు కట్టి, పొగను శుద్ధి చేసే క్యాటలిస్టు మూసుకుపోయి, రెండో గూఢచారి "పొగ శుద్ధి కావడం లేదు" అని కేకేస్తాడు. వాణ్ని పీకి కొత్తవాణ్ని పెడతారు. వాడూ అదే కేక. యథార్థవాది లోకవిరోధి అని పెద్దలు ఊరికే అన్నారా?

వినకపోతే బండి అలుగుతుంది. మొదట లాగుడులో పావు వంతు కోత. అప్పటికీ పట్టించుకోకపోతే గంటకు 20 కిలోమీటర్లు మించదు. గ్రానైట్ బండతో హైవే మీద 20లో వెళ్లే లారీ వెనక ఎంత తీర్థయాత్ర తయారవుతుందో మీరే ఊహించుకోండి.

ఈ అలక తీర్చడానికే ట్యూనింగ్ పుట్టింది. బండికి నిలకడైన పనితీరు కావాలంటే, లోడుతో ఎత్తెక్కుతుండగా లైవ్ డేటా రికార్డు చేసి, కంప్యూటర్ అడిగిన రైలు ప్రెజర్ ఎంత, నిజంగా వచ్చింది ఎంత అని పక్కపక్కన పెట్టి చూడాలట. అడిగింది 1,600 బార్ అయి, వచ్చింది 1,200 అయితే డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయిందో, ఇంజెక్టర్లు డీజిల్‌ను వెనక్కి వదిలేస్తున్నాయో తేల్చుకోవాలట. షెడ్డులో నిలబెట్టి రేజ్ చేస్తే అన్నీ బాగానే కనిపిస్తాయట. ఎండలో లారీ క్యాబిన్‌లో కూర్చుని ఘాట్లు ఎక్కే ఓపిక ఎవరికుంది? ల్యాప్‌టాప్ కుర్రాడు వస్తాడు. డీజిల్ కొంచెం ఎక్కువ పోసేలా ఈసీఎంలోని లెక్కల పట్టిక, అదే మ్యాపు, మారుస్తాడు, నాక్స్ సెన్సార్ల చోట "అంతా క్షేమం" అని జపించే చిన్న డబ్బా తగిలిస్తాడు. పికప్ వస్తుంది, లైటు పోతుంది, పొగ నల్లగా వస్తుంది. టర్బో మాత్రం రోజురోజుకీ ఎర్రబడుతుంది. అయితే దాని సంగతి చెప్పాల్సినవాళ్లను మనం ముందే పంపించేశాం.

2015లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు పరీక్షలో ఒక రకంగా, రోడ్డు మీద ఒక రకంగా నడిచే సాఫ్ట్‌వేర్ రాసి, ప్రపంచమంతా కలిపి కోటీ పది లక్షల కార్లలో పెట్టి దొరికిపోయారు. అంతమంది ఇంజినీర్లు, అంత ఖర్చు, చివరికి అంత పరువు నష్టం. అదే పని మనవాళ్లు టీ చల్లారేలోపు చేస్తారు, రశీదు కూడా ఇవ్వరు. పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి. జైల్లో సెన్సార్లు ఉండవు గనక ప్రశాంతంగానే ఉంటుంది.

అందువల్ల ప్రభుత్వానికి నా విన్నపం. పైపులు తడిమేవాళ్లనూ చిలుము గీకేవాళ్లనూ వెంటనే రవాణా రంగానికి దూరంగా పంపాలి. మల్టీమీటర్ కొనాలంటే లైసెన్సు పెట్టాలి. ఇన్ని కష్టాలు పడినా ఆరని పసుపు లైటు మీద అంటించే నల్ల టేపును అత్యవసర విడిభాగంగా గుర్తించి, ఐఎస్ఐ మార్కు వేసి, జీఎస్టీ మినహాయించి, ప్రతి టోల్‌గేటు దగ్గరా చుట్టకు చుట్ట ఉచితంగా పంచాలి.